దూలం దాకా ఎక్కిందా?

ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు గుమ్మాల దగ్గర కొత్త రంగు వాసన. ఇల్లంతా పాత సున్నమే. గోడలు పెచ్చులూడి ఉన్నాయి, కిటికీ ఊచలు తుప్పు పట్టాయి. ద్వారబంధాలకి మాత్రం, అదీ కింద నుంచి మోకాలెత్తు వరకే, చాక్లెట్ రంగు ఎనామిల్ పెయింటు నిగనిగలాడుతోంది. చూశాను. అమ్మకానికి పెట్టారు కదా, కాస్త సోకు చేశారులే అనుకుని ముందుకెళ్ళిపోయాను. ఐదు లక్షలు బయానా ఇచ్చాక గానీ ఆ మోకాలెత్తు సంగతేంటో నాకు తెలిసిరాలేదు.

ఇల్లు రాజమండ్రి ఇన్నీసుపేటలో. 1964లో కట్టింది. ముందు రెండు గదులకీ మద్రాసు టెర్రస్సు, అంటే టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచిన సన్నటి వాసాలు (దంతెలు), ఆ పైన ఐమూలగా నిలబెట్టి పేర్చిన ఇటుకలు, సున్నం గచ్చు. వెనక వంటిల్లూ వసారా బంగాళా పెంకు. పెరట్లో నుయ్యి, రెండు కొబ్బరిచెట్లు. పదహారేళ్ళు హైదరాబాదులో అద్దె కొంపల్లో తిరిగి, మావారికి ఇంటి నుంచే పని చేసుకునే ఉద్యోగం దొరికాక సొంతూరు చేరదామనుకున్నాం. మావయ్యగారికి డెబ్బై ఎనిమిది. "అపార్టుమెంటు గూట్లో ఉండటం నా వల్ల కాదమ్మా" అని తేల్చేశారు. నాలుగున్నర సెంట్ల స్థలం, ధర 78 లక్షలు. "ఇది స్థలం రేటేనమ్మా, ఇల్లు మీకు ఊరికే వస్తున్నట్టు" అన్నాడు బ్రోకరు. పాత ఇంటి బేరంలో ఈ మాట అందరూ అంటారు. పడగొట్టి అపార్టుమెంటు కట్టేవాళ్ళకి అది నిజమే. మేమేమో అందులో పడుకోవాలి, పైకప్పు మా నెత్తి మీద ఉండాలి. మాకు ఊరికే ఎలా అవుతుంది?

కాగితాల వరకు మేం చాలా జాగ్రత్తగానే ఉన్నాం. 1983 నుంచి ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలూ తాకట్లూ చూపే సర్టిఫికెట్టు, తీయించాం, అంతకు ముందు లింకు డాక్యుమెంట్లన్నీ లాయరు గారు చదివారు. ఇంటిపన్ను, నీటిపన్ను రసీదులు చూశాం. బ్యాంకు తరఫున వాల్యుయర్ వచ్చాడు, టేపు పట్టి కొలిచాడు, నాలుగు మూలల నుంచి ఫొటోలు తీశాడు, ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోయాడు. తర్వాత ఫోన్ చేసి, చెక్క సంగతి చూశారా అని అడిగితే "మా ఫార్మాట్లో దానికి కాలమ్ ఉండదు మేడమ్" అన్నాడు. తప్పు పట్టడానికి లేదు. అప్పు తిరిగి రాకపోతే స్థలం అమ్ముకుంటే చాలు వాళ్ళకి. హక్కులో ఏ లొసుగూ లేదని తేలాక సంక్రాంతి వెళ్ళిన వారానికి అగ్రిమెంటు రాసుకున్నాం. తొంభై రోజుల గడువు. మేం వెనక్కి తగ్గితే బయానా పోతుంది.

మావయ్యగారిని ఆ ఇంటికి తీసుకెళ్ళింది మాత్రం అగ్రిమెంటయిన రెండు వారాలకి. అదే మేం చేసిన తప్పు. ఆయన ముప్పై ఒక్కేళ్ళు కలప అడితిలో గుమాస్తా. గోడల కేసి చూడనే లేదు. జేబులోంచి తాళంచెవి తీసి ద్వారబంధాన్ని పైనుంచి కిందకి కొట్టుకుంటూ వచ్చారు. ఛాతీ ఎత్తులో టంగు టంగుమంటోంది. నడుము దగ్గర కొంచెం మందగించింది. మోకాలి దగ్గరికొచ్చేసరికి డుబ్ డుబ్. అక్కడ ఆగి బొటనవేలితో నొక్కారు. రంగు పొర నానిన అప్పడంలా లోపలికి దిగింది.

అమ్మే ఆయన రిటైరైన హెడ్మాస్టరు. వసారాలో పడక్కుర్చీలో కూచుని ఇదంతా చూస్తున్నారు. "పాత ఇల్లన్నాక చెదలుండవా అండీ?" అన్నారు, నెమ్మదిగానే.

"ఉంటాయి మాస్టారూ, ఎందుకుండవు? ఎక్కడి దాకా ఎక్కాయన్నదే నా ప్రశ్న" అన్నారు మావయ్యగారు.

ఆ తర్వాత నాలుగు నెలలూ మా ఇంట్లో నడిచింది ఆ ఒక్క ప్రశ్నే.

స్క్రూడ్రైవరు పెట్టి కాస్త పెకలిస్తే లోపల చెక్క లేదు. చెక్కలో మెత్తటి భాగమంతా తినేసి, గట్టి నార మాత్రం పుస్తకంలో పేజీల్లా పల్చగా వదిలేశాయి. పేజీకి పేజీకి మధ్య తడిమట్టి. వెలుతురు పడగానే నూకగింజలంత తెల్లటి పురుగులు కిందా మీదా పడి లోపలికి దూరాయి. వాటిలో ఒకటీ అరా గోధుమరంగు తలవి, ఆగి నిలబడ్డాయి. అవి కాపలావిట. పైన రంగు మాత్రం చెక్కుచెదరలేదు. చెద ఎప్పుడూ పై పొరని ముట్టుకోదు, వెలుతురూ గాలీ తగలకుండా అదే దానికి గొడుగు. అరవై ఏళ్ళ ద్వారబంధం కింది భాగాన్ని నిలబెడుతున్నది ఆ ఎనామిల్ పెయింటే అనుకుంటే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ రాత్రి నిద్రపట్టక ముందు లాయరు గారికి ఫోన్ చేశాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ గురించి చెప్పారాయన. ఆస్తిలో పెద్ద లోపం ఉండి, అది అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూస్తే కనిపెట్టలేనిదైతే, దాన్ని చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడిదట. "రంగేసి కప్పారు కాబట్టి మీకు బలం ఉంది. కింద అంతా కొత్త రంగు చూసి కూడా ఎందుకు అడగలేదంటే వాళ్ళకీ బలం ఉంది. కోర్టుకెళ్తే గృహప్రవేశం మీ మనవలు చేస్తారమ్మా. ముందు ఎంత నష్టమో లెక్క తేల్చుకుని, కాగితం పట్టుకుని కూచోండి" అన్నారు. ఫీజు తీసుకోకుండా ఇచ్చిన సలహాల్లో ఇంత విలువైంది నేను ఇంకోటి వినలేదు.

లెక్క తేల్చడానికి ఇద్దరిని పిలిచాం. మొదటి కంపెనీవాళ్ళు రాకుండానే చదరపు అడుగుకి ఇంతని ఫోన్లోనే రేటు చెప్పేశారు. మధ్యాహ్నం మనిషిని పంపిస్తాం, సాయంత్రానికి అయిపోతుందన్నారు. పెరట్లో నుయ్యి ఉందా అని కూడా అడగలేదు. అప్పటికి ఆ ప్రశ్న అడగాలని నాకూ తెలియదు.

రెండో కంపెనీ నుంచి పాతికేళ్ళ కుర్రాడొచ్చాడు. చేతిలో టార్చి, స్క్రూడ్రైవరు, చిన్న రిమోటులా ఉండే తేమ మీటరు. రెండున్నర గంటలు తిరిగాడు. చెక్క జోలికి మొదట వెళ్ళనే లేదు, నీళ్ళు ఎక్కడున్నాయో చూశాడు. బాత్రూము వెనక గోడకి మీటరు ఆనిస్తే ముల్లు పైకి లేచింది. గోడలో పైపు ఎన్నేళ్ళుగా కారుతోందో తెలీదు. డాబా మీద వాననీళ్ళు పోయే తూము ఆకులతో పూడిపోయి, నీళ్ళు అక్కడే నిలిచి గోడలోకి దిగుతున్నాయి. "ఇవి భూమిలోంచి వచ్చే రకం మేడమ్. గూడు కిందే ఉంటుంది, తేమ లేకపోతే పైన బతకవు. మీ ఇంట్లో వాటికి కిందా పైనా రెండు చోట్లా కుళాయి తిప్పి పెట్టారు" అన్నాడు.

అక్కడి నుంచి మట్టి దారులు వెతుక్కుంటూ వెళ్ళాం. బాత్రూము గోడ నుంచి ద్వారబంధానికి. ద్వారబంధం వెనక నుంచి పాతకాలం చెక్క బద్దీల వైరింగులోకి. స్విచ్చి బోర్డు మూత తీస్తే లోపల సగం మట్టే. తడిమట్టిలో కరెంటు తీగలు. ఇన్నాళ్ళూ మాస్టారూ వాళ్ళావిడా ఆ స్విచ్చులే నొక్కుతున్నారు. బద్దీ వెంట ఎక్కి హాలు గోడ మీద వేలాడే పటం వెనక్కి. ఆ పటం మాస్టారి నాన్నగారిది. దించి తిప్పి చూస్తే వెనక అట్ట లేదు. ఫొటో కింది నుంచి భుజం దాకా తినేసింది, ముఖం మాత్రం మిగిలింది. మాస్టారు లేచి వచ్చి ఆ పటాన్ని చేతుల్లోకి తీసుకుని, ఉత్తరీయంతో మట్టి తుడుస్తూ ఉండిపోయారు. అప్పటివరకు ఆయన మీదున్న కోపం నాకు అక్కడ సగానికి సగం పోయింది. ఈయన దాచి మోసం చేసిన మనిషి కాదు, చూడ్డం మానేసిన మనిషి అనిపించింది. ఆ రంగు వేయమన్నది కూడా బ్రోకరేనని వాళ్ళావిడ తర్వాత నాతో మెల్లిగా చెప్పారు.

పడగ్గదిలో చెక్క అలమరా తెరిస్తే వేరే కథ. గుండుసూది గుచ్చినట్టు సన్నటి చిల్లులు, కింద అరలో గోధుమపిండిలాంటి పొడి. నేను అదీ చెదేననుకుని కంగారుపడ్డాను. కాదట, అది చెక్క తొలిచే పెంకు పురుగు. మట్టి ఉండదు, పొడి ఉంటుంది. నేలలో పోసే మందుకి దానికి సంబంధమే లేదు. "తెల్లచెక్కతో చేశారు, చేవ లేదు" అన్నారు మావయ్యగారు దూరం నుంచే. టేకయినా సరే, మధ్యలో ఉండే చేవని పురుగు అంత తేలిగ్గా ముట్టుకోదు, పక్కనుండే తెల్లచెక్కని తినేస్తుంది. ఆ అలమరా మాకొద్దని అప్పుడే తేల్చేశాం.

ఇంక మిగిలింది దూలాలు. రెండు గదులకీ కలిపి ఐదు. నిచ్చెన వేసుకుని కుర్రాడు ఒక్కొక్కటీ కొట్టుకుంటూ వెళ్ళాడు. మధ్యలో అన్నీ టంగుమన్నాయి. దూలానికి అసలు గండం మధ్యలో కాదు, గోడలోకి దూరే చివర. కనపడదు, గాలి తగలదు, గోడలో తడి ఉంటే నేరుగా పీల్చుకుంటుంది. తూము కింద గోడలోకి దూరిన దూలం దగ్గర స్క్రూడ్రైవరు మూడంగుళాలు దిగింది. ఆపకపోతే ఇంకా దిగేదే. ఆ పక్కనే నాలుగు దంతెలు డొల్ల. ఎక్కడి దాకా ఎక్కిందన్న ప్రశ్నకి జవాబు దొరికింది. కింద నిలబడ్డ మా అందరి కళ్ళూ ఒక్కసారి ఆ కప్పు మీదికే వెళ్ళాయి, కాళ్ళు వాటంతటవే రెండడుగులు వెనక్కి పడ్డాయి.

అయితే ఆ దారి ఇప్పుడు నడుస్తోందా, ఎప్పుడో తిని వదిలేసిన పాతదా? బేరంలో ఇది పెద్ద తేడా. మాస్టారి అబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్లో "అవన్నీ ఎప్పటివో అండీ, ఇప్పుడేం లేవు" అంటున్నాడు. కుర్రాడు వాదన పెట్టుకోలేదు. తూము దగ్గర గోడ మీదున్న మట్టి గొట్టాన్ని రెండంగుళాల మేర గోటితో గీకేసి, "రేప్పొద్దున వచ్చి చూడండి. మిగతాది మాత్రం ఎవరూ ముట్టుకోకండి, కిరసనాయిలు పోయకండి" అని చెప్పి వెళ్ళాడు. ఆ చివరి మాట మావయ్యగారిని చూసి అన్నదే. ఆయన అప్పటికే సీసా ఎక్కడుందని అడుగుతున్నారు.

మర్నాడు ఏడింటికి వెళ్ళాను. పాత మట్టి బూడిదరంగులో ఎండిపోయి ఉంది. నిన్న గీకిన రెండంగుళాలు ముదురు గోధుమరంగులో, తడిగా, నున్నగా పూడ్చేసి ఉన్నాయి. రాత్రికి రాత్రి, కళ్ళు లేని పురుగులు, ఒక్కో మట్టి రేణువూ నోటితో తెచ్చి ఉమ్మితో అతికించి. దగ్గరికి వంగి చూస్తే అతుకు దగ్గర ఇంకా చిన్న కంత మిగిలి ఉంది, దాంట్లోంచి ఓ తల బయటికొచ్చి ఒక మట్టి బిళ్ళని పెట్టి లోపలికి పోయింది. కోపం రావాల్సిన చోట నాకు ఆశ్చర్యమేసింది. ఫోన్లో వీడియో తీసి బెంగళూరు పంపించాం. ఇక ఆ అబ్బాయి నుంచి మాటల్లేవు.

మా వడ్రంగి ఆచారి గారు, ఎలక్ట్రీషియను, ఈ కుర్రాడు ముగ్గురూ రాసిచ్చిన అంచనాలు కలిపితే 3.85 లక్షలు. దూలం, దంతెల పనికి 1.70 లక్షలు, మూడు ద్వారబంధాలకి 95 వేలు, వైరింగు 60 వేలు, బాత్రూము పైపులు, తూము 38 వేలు, చెద మందు 22 వేలు. అన్నిట్లోకీ తక్కువ ఖర్చు చెదల మందుదే, గమనించారా. చెదని చంపడం చవక. అది తిన్నదాన్ని తిరిగి కట్టడమే ఖరీదు.

వసారాలో రెండుసార్లు కూచున్నాం. మొదటిసారి మాస్టారు యాభై వేలు తగ్గిస్తానన్నారు. మావారు లేచిపోదామన్నారు. నేను ఆ మూడు కాగితాలూ బల్ల మీద పరిచి, ఏదెక్కువ రాశారో మీరే చెప్పండి మాస్టారూ, మీ మేస్త్రీనైనా పిలిపించుకోండి అన్నాను. ఆయన నిజంగానే తన మేస్త్రీని పిలిపించారు. ఆ మేస్త్రీ దూలం చూసి మా అంచనా కన్నా ఇరవై వేలు ఎక్కువ చెప్పాడు! రెండోసారి కూచున్నప్పుడు 2.60 లక్షల దగ్గర తెగింది. పాత ఇంటికి కొంత అరుగుదల మనమూ భరించాలి కదా అని మావయ్యగారే సర్ది చెప్పారు. నోటి మాటగా వదలకుండా లాయరు గారి చేత అదనపు ఒప్పందం రాయించాం. తగ్గిన ధర, చెదల సంగతి ఇరుపక్షాలకీ తెలుసన్న మాట, రిజిస్ట్రేషన్ లోపే ఆ దూలం కింద సరుగుడు బాదులు ఊతంగా నిలబెట్టడానికి మాకు అనుమతి, అన్నీ అందులో ఉన్నాయి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆంధ్రాలో అన్నీ కలిపి 7.5 శాతం, తగ్గిన మొత్తం మీద అది కూడా 19,500 మిగిలింది. ఇంటి ఇన్సూరెన్సు ఏజెంటుని అడిగితే అగ్గి, తుపాను, వరద, భూకంపం అని చదువుకుంటూ వెళ్ళాడు, ఆ జాబితాలో చెద లేదు.

మార్చిలో రిజిస్ట్రేషనైంది. మర్నాటి నుంచే పని. ముందు నీళ్ళు ఆపాం. పైపులు మార్చి, తూము తెరిపించి, గోడలు ఆరడానికి మూడు వారాలు వదిలేశాం. ఈ మూడు వారాలు చుట్టాలందరూ ఫోన్ చేసి ఇంకా మందు కొట్టించలేదా అని అడిగేవారు. కారే గోడకి మందు కొట్టడం బూడిదలో పోసిన పన్నీరే.

మందు పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. ఎర్ర గచ్చు నేల, అరవై ఏళ్ళుగా తుడిచి తుడిచి అద్దంలా ఉంది. దాని మీద గోడ వారగా అడుక్కో చిల్లు, పన్నెండు మిల్లీమీటర్ల డ్రిల్లుతో. మొదటి చిల్లు పడ్డప్పుడు నేను బయటికి వెళ్ళిపోయాను. తర్వాత వచ్చి కూచుని కొలత మాత్రం దగ్గరుండి చూశాను. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు, లీటరు నీళ్ళకి 2.1 మిల్లీలీటర్లు. డబ్బా సీలు నా ముందే తీశాడు. చిల్లుకి లీటరు దాకా పోస్తే నెమ్మదిగా ఇంకుతోంది. ఒక్కచోట మాత్రం ఎంత పోసినా గుటకలేస్తూ తాగేసింది. "కింద డొల్లగా ఉంది, దారి ఇక్కడే" అన్నాడు. బయట గోడ పునాది చుట్టూ కాలువ తవ్వి అందులో పోశారు. ఉంచుకున్న ద్వారబంధాలకి ఏటవాలుగా సన్నటి చిల్లులు పెట్టి, నూనెలో కలిపే వేరే మందు సిరంజితో ఎక్కించారు. మావయ్యగారి కాలంలో ఆల్డ్రిన్ అని ఒకటి పోసేవారట. "అది వాసన చూస్తేనే పారిపోయేవి" అన్నారు గర్వంగా. అది ఎప్పుడో నిషేధించారని, పారిపోయేవి పక్క గోడకి పారిపోతాయని, ఈ మందుకి వాసన ఉండదు కాబట్టి వాటికి తెలియకుండానే తాకి, తోటి పురుగులకి కూడా అంటిస్తాయని కుర్రాడు చెప్పాడు. మావయ్యగారు ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

నుయ్యి వైపు గోడకి మందు పోయనన్నాడు. నేలలో పోసింది నీళ్ళలోకి దిగితే ఎవరిది పూచీ? ఆ నీళ్ళు మేం తాగకపోయినా మొక్కలకీ గిన్నెలకీ వాడతాం. దానికి బదులు ఆ వైపు నేలలో నాలుగు ఎర పెట్టెలు పాతాడు. లోపల చెదలు ఇష్టంగా తినే గుజ్జు, దాంట్లో మందు. చెదపురుగు పెరగాలంటే పై పొర విడిచి కొత్త పొర కట్టుకోవాలి. ఇది తిన్నది ఆ పొర కట్టుకోలేదు. నోటి నుంచి నోటికి పంచుకుని తింటాయి కాబట్టి గూడు దాకా పోతుంది. నెలలు పడుతుంది. "శత్రువుకి విస్తరేసి వడ్డించడం ఏవిటమ్మా!" అని మావయ్యగారి విస్తుపోవడం. ఫోన్లో ధర చెప్పిన ఆ మొదటి కంపెనీని పిలిచి ఉంటే నుయ్యి పక్కనే పోసేసి ఉండేవారు కదా అని నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

దూలం దగ్గర ఇంట్లో యుద్ధమే జరిగింది. ఇనుప గర్డరు వేయమని ఇంజనీరు, టేకు దూలానికి టేకే వేయాలని మావయ్యగారు. అడితికి వెళ్ళాం. ఇప్పుడొచ్చే టేకులో చాలా మటుకు విదేశాల తోటల నుంచి దిగేది. కోత వైపు తిప్పి చూపించారు నాకు, అంచుల్లో నాలుగు వేళ్ళ మందాన తెల్లచెక్క. అంత లావు దూలం, పూర్తి చేవతో కావాలంటే అడితి యజమాని నవ్వాడు. రేటు విన్నాక నేను ఇంజనీరు వైపు చేరిపోయాను. మావయ్యగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే ఆటో మాట్లాడుకుని వెళ్ళి, పడగొట్టిన ఇళ్ళ కలప అమ్మే చోట దంతెలకి సరిపడా పాత టేకు బేరం చేసుకొచ్చారు. మేకుల చిల్లులతో, పాత సున్నం మరకలతో, ఇనుములా ఉన్నాయి. ప్రతీదీ తాళంచెవితో కొట్టి మరీ ఏరారట. గోడలోకి దూరే చివరలకి జీడి నూనె రెండు పూతలు పూయించి, చుట్టూ వేలు దూరేంత గాలి సందు వదలమని ఆచారి గారికి పక్కనే నిలబడి చెప్పారు. కుర్రాడు చూసి "ఇది మా కంపెనీ కూడా చెప్పదు సార్" అన్నాడు. ఆ మాటతో ఇద్దరికీ రాజీ కుదిరింది.

మొత్తం ఖర్చు 4.30 లక్షల దగ్గర తేలింది. అంచనాలు ఎప్పుడు నిలబడ్డాయి గనక. మందుకి ఐదేళ్ళ పూచీ కాగితం ఇచ్చారు, ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసేటట్టు రాయించుకున్నాను. మే నెలాఖరుకి పాలు పొంగించాం. మాస్టారు దంపతులు వచ్చారు. ఆయన భోజనం చేసి, వెళ్ళబోతూ కొత్త ద్వారబంధం దగ్గర ఆగి, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చూసి, చెప్పులేసుకున్నారు.

జూన్ రెండో వారంలో మొదటి వాన పడ్డ రాత్రి ఉసిళ్ళు లేచాయి. వీధి దీపం చుట్టూ పొగలా కమ్ముకున్నాయి. పక్కింటి పిల్లలు బేసిన్లో నీళ్ళు పోసి దీపం కింద పెట్టారు. చిన్నప్పుడు వీటిని వేయించుకుని తినేవాళ్ళమని మావయ్యగారు కథ మొదలెట్టారు. నేను వినే స్థితిలో లేను. రెక్కలొచ్చిన చెదలే ఉసిళ్ళు. ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి, టార్చి పట్టుకుని గది గదికీ తిరిగాను. నేల చిల్లుల్లోంచి గానీ, దంతెల సందుల్లోంచి గానీ వస్తున్నాయేమోనని. తెల్లారి చూస్తే హాలు కిటికీ లోపల, గట్టు మీద, దోసెడు రెక్కలు.

కుర్రాడు ఆ సాయంత్రమే వచ్చాడు. కిటికీ గట్టు మీద కుప్ప పడ్డాయంటే దీపానికి బయట నుంచి వచ్చినవే కావచ్చన్నాడు, అయినా నమ్మకుండా మళ్ళీ గోడలన్నీ చూశాడు. లోపల ఎక్కడా కొత్త కంత లేదు, పాత గొట్టాలు ఎండి, ముట్టుకుంటే పొడై రాలాయి. తూము కింద గోడకి మీటరు ఆనిస్తే ముల్లు కదల్లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. చివర్లో పెరట్లోకి వెళ్ళి మోటారు స్విచ్చి పెట్టె వెనక టార్చి వేశాడు. నుయ్యి వైపు గోడ. మందు పోయని గోడ. నాలుగంగుళాల పొడవు కొత్త మట్టి గొట్టం, ఇంకా తడిగా.

"మంచిదే మేడమ్, మన ఎర పెట్టెల దగ్గరికే వస్తున్నాయి" అన్నాడు. దాన్ని పగలగొట్టనివ్వలేదు. గొట్టం కొస దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ రాసి, ఇంకో ఎర పెట్టె దాని మీదే బిగించాడు. గీత దాటి పైకి పోతే ఫోన్ చేయమన్నాడు.

రోజూ పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్ళి చూసొస్తున్నాను. నాకన్నా ముందే మావయ్యగారు అక్కడ నిలబడి ఉంటున్నారు, కళ్ళజోడు పైకెత్తి, ఆ గీత కేసి చూస్తూ. ఇవాళ్టికి పద్దెనిమిదో రోజు. గీత దాటలేదు. మట్టి రంగు మాత్రం కొంచెం తెల్లబడింది.